లేకాక్‌లో ఒక కిటికీ

లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కి చిప్పెన్‌హామ్‌లో దిగాను. అక్కడి నుంచి బస్సులో లేకాక్ అనే ఊరు కొద్ది దూరమే. ఊరు చూడముచ్చటగా ఉంది కానీ నా ధ్యాసంతా 13వ శతాబ్దంలో సన్యాసినుల మఠంగా కట్టిన లేకాక్ అబీ మీదే. ఆ భవనంలోని ఒక కిటికీని చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

దక్షిణం వైపు పొడవాటి గదిలో, గోడలోంచి బయటికి పొడుచుకువచ్చినట్టు ఉంటుందది. సన్నని పట్టీల మధ్య చిన్న చిన్న గాజు పలకలు. తర్వాతి కాలంలో ఇల్లుగా మారిన ఈ అబీ యజమాని, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో దీనికి ఎదురుగా ఓ బుల్లి చెక్కపెట్టె కెమెరా పెట్టాడు. కెమెరాతో తీసిన నెగెటివ్‌లలో (వెలుగు నల్లగా, నీడ తెల్లగా వచ్చే బొమ్మలు) నేటికీ మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది అప్పుడు వచ్చిందే. తీసిన కొత్తలో భూతద్దంతో చూస్తే దాదాపు 200 గాజు పలకలు లెక్కకు వచ్చేవని ఆయనే రాసిపెట్టాడు. ఇల్లంతా పరిచిన ఆ పెట్టెలను భార్య కాన్‌స్టెన్స్ ఎలుకబోనులనేదట!

టాల్బట్ పద్ధతిలో కాగితాన్ని ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టి, సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం పూస్తే వెలుగు తగిలినచోట నల్లబడుతుంది. ఎండ పడే గాజు పలకలు చిత్రంలో నల్లగా, వాటి మధ్య పట్టీలు తెల్లగా వచ్చింది అందుకే. కిటికీ ముందు నిలబడి, అసలును, ఆ బొమ్మను పోల్చుకుంటూ చాలాసేపు ఉండిపోయాను.

1839లో పారిస్‌లో డాగెర్ అనే ఫ్రెంచివాడి ఫొటో పద్ధతి వెల్లడై ప్రపంచాన్ని ఊపేసింది. వెండిపూత రాగిరేకు మీద ఆ బొమ్మల స్పష్టత అద్భుతం, నిజమే. కానీ ఒక్కో రేకూ ఒంటరిది, దాన్నుంచి మరో ప్రతి తీయలేరు. టాల్బట్ కాగితం మసకగా ఉన్నా, ఒక నెగెటివ్ నుంచి కావలసినన్ని ప్రతులు పుడతాయి. నా దృష్టిలో ఫొటోగ్రఫీ అందరిదీ అయింది ఈ మార్గంలోనే.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. మద్రాసు మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలను 1858లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. నెగెటివ్ నుంచి ప్రతులు తీసే పద్ధతి ఉండబట్టే ఆ శిల్పాల రూపం ఆల్బమ్‌లలో పలుచోట్లకు చేరింది. ఆ తర్వాత వాటిలో చాలా రాళ్లను ఓడలో లండన్‌కు తరలించారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ వెళ్లేవాళ్లు ముందు వాటిని చూసి, మర్నాడు లేకాక్‌కు రండి. అబీ ద్వారం దగ్గరే టాల్బట్ పేరిట మ్యూజియం కూడా ఉంది. దానికీ తీరిక ఉంచుకోండి.