మా క్యాంపు చిట్టా పుస్తకం

మన స్కూలు సంచికలో, కోస్తా నుంచి వలసొచ్చి క్యాంపులు వేసుకున్న తొలితరం వాళ్ళ కలయికల గురించి నువ్వే రాయాలి అని కమిటీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు గుర్తొచ్చింది సన్మానాలూ శాలువాలూ కాదు, రామాలయంలో భజన తాళాల పెట్టెలో ఉండే ఎర్ర బైండు చిట్టా పుస్తకం. 86 ఎస్సెస్సెల్సీ (పదో క్లాసు) బ్యాచ్ వాళ్ళలో దాన్ని చేత్తో ముట్టుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఇప్పటి పిల్లల కోసం కొంచెం వెనక్కి వెళ్తా. తుంగభద్ర డ్యాం పని 1945లో మొదలైంది, 1953కల్లా కాల్వలకి నీళ్ళొచ్చాయి. అప్పటికి మన గంగావతి, సింధనూరు అంతా హైదరాబాద్ స్టేట్‌లో రాయచూరు జిల్లా, మైసూరు రాష్ట్రంలో, అంటే ఇప్పటి కర్ణాటకలో, కలిసింది 1956లో, కొప్పళ జిల్లా అయితే 1997 దాకా లేనే లేదు. ఎడమ కాల్వ కింద నల్లరేగడి చవగ్గా దొరుకుతోందని కోస్తా జిల్లాల్లో కబురు పాకింది. మా తాతయ్య తెనాలి దగ్గర ఎకరంన్నర అమ్ముకుని 1955లో వచ్చాడు, ఇక్కడ తొమ్మిదెకరాలు వచ్చిందని పోయేదాకా చెప్పుకున్నాడు. గుంతకల్లులో రైలు మారి హోస్పేటలో దిగి అక్కణ్ణించి ఎడ్లబండి. నాయనమ్మ ఒళ్ళో పెట్టుకున్న ఆవకాయ జాడీ దారిలో బీటవేస్తే కారిన నూనె మరక చీర మీద అలాగే ఉండిపోయిందట, ఆ చీరని ఆవిడ చాలా ఏళ్ళు ఎవర్నీ పారెయ్యనివ్వలేదు.

గుడిసెలు వేసుకున్న చోటల్లా క్యాంపే. డెబ్భై ఏళ్ళయింది, డాబాలు లేచాయి, రైస్ మిల్లులు లేచాయి, క్యాంపు మాత్రం క్యాంపే.

కలయికలంటే మొదట్లో ఎవరూ పనిగట్టుకుని పెట్టినవి కావు. శ్రీరామనవమి నాటికి రెండో పంట చేతికొస్తుంటుంది, కాల్వ కట్టేసే రోజులు దగ్గర పడతాయి కాబట్టి అందరికీ కాస్త ఊపిరి. ఇక్కడ తాటాకులెక్కడివి, జొన్నచొప్పతోనే పందిరి. పానకం, వడపప్పు అయ్యాక మగవాళ్ళు కింద కూర్చుని ముందు మేమొచ్చామంటే మేమొచ్చామని మొదలుపెట్టేవాళ్ళు. ఈ గొడవ తీరదని ఎవరో ఒక ఏడు చిట్టా పుస్తకం కొనుక్కొచ్చి గళ్ళు గీశారు, పేరు, సొంతూరు, వచ్చిన సంవత్సరం. ప్రతి నవమికీ దాన్ని పైకి చదవడం, చదవగానే మళ్ళీ గొడవ. మా బండి ముందు దిగింది అని ఒకాయన లేస్తే, బండి ముందు దిగితే ఏంలే, పొయ్యి మాదే ముందు వెలిగింది అని ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు. ఆ రెండు కుటుంబాలూ తర్వాత వియ్యమందుకున్నాయి, గొడవ మాత్రం అలాగే ఉంది.

ఇక నా సంగతి. ఎనిమిదో క్లాసులో ఉండగా ఆ పుస్తకం చదివే పెద్దాయనకి చూపు ఆనడం మానేసింది. వేరే ఎవరన్నా చదవండ్రా అంటే క్యాంపు పిల్లలం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం, ఇంట్లో తెలుగే గానీ బళ్ళో చదివేది కన్నడం కదా, మాకు తెలుగు రాయడం చదవడం ఎక్కడొచ్చు. నాకొక్కడికే నాయనమ్మ క్యాలెండర్ మీద అక్షరాలు దిద్దించింది. దాని వల్ల బళ్ళో దెబ్బలు కూడా తిన్నాను, కన్నడంలో తలకట్టు అడ్డంగా గీత గీసినట్టు ఉండాలి, నేను తెలుగులో లాగా టిక్కు పెట్టేవాణ్ణి, మేష్ట్రు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి పక్కన ఇంకో టిక్కు పెట్టి, ఇది నేను పెట్టాలి నువ్వు కాదు అనేవారు :) సరే, ఆ లిస్టు మొత్తం కన్నడ లిపిలోకి ఎక్కించే పని నాకు పడింది. వంద పేజీల నోటుబుక్కు కొని, గుడివాడ, రేపల్లె, పాలకొల్లు అని అడ్డగీత తలకట్లతో రాసుకుంటూ వారం పట్టింది.

రాసింది బళ్ళోనే, మధ్యాహ్నం బెల్లులో. పక్క బెంచీవాడు, పక్క ఊరి కన్నడం వాడు, జొన్నరొట్టె, ఎణ్ణెగాయి (గుత్తివంకాయ కూర) డబ్బా నాతో పంచుకునేవాడు, వంగి మొత్తం చదివాడు. కన్నడ లిపి కదా, వాడికీ చదవడం వచ్చేసింది, అదే నా తప్పు అనుకోండి. చదివి, ఇందులో మా తాత పేరు లేదేనప్పా అన్నాడు. మీ తాత ఎక్కణ్ణించీ రాలేదు కదరా అన్నాను. మీ తాత వచ్చింది మా తాత పొలంలోకేగా అన్నాడు. నిజంగా నాకు అప్పటిదాకా తెలియదు, మా తొమ్మిదెకరాల్లో నాలుగు వాళ్ళవి. ఇంటికెళ్ళి అడిగితే తాతయ్య, మనమొచ్చేదాకా ఇక్కడేముందిరా, ముళ్ళకంప తప్ప అన్నాడు. జొన్న, పత్తి పండే నేలలో ఏమీ లేదనడం ఆ వయసులో కూడా నాకు తేడాగానే అనిపించింది గానీ ఎదురు చెప్పే ధైర్యం లేదు.

ఇంకో సంగతి కలయికల్లో ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను తిట్టుకోకండి. ఎడమ కాల్వ డిజైన్ చేసినప్పుడు ఎక్కువ భాగం ఆరుతడి పంటలకే, నీళ్ళు పల్చగా ఎక్కువమందికి అందాలని. మనకి తెలిసింది వరి, వరే పెట్టాం. మేం పదో క్లాసు అయిన ఏడే బాపట్ల నుంచి బీపీటీ 5204 అనే వరి వంగడం విడుదలైంది, ఆ తర్వాత ఇంక ఆగిందెక్కడ, ఇప్పుడు అమెరికాలో తెలుగువాళ్ళు కొనే సోనా మసూరి బస్తాల్లో మన వైపు బియ్యం ఎంతుందో మీకూ తెలుసు. పై తూముల్లో మనం మడి కట్టుకుంటే కింద మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకి నీళ్ళు అందక ఏటా ధర్నాలు. మా బెంచీవాడి మేనత్తని ఇచ్చింది మాన్వి వైపే.

తర్వాత్తర్వాత కలయికలకి మైకు సెట్లొచ్చాయి, ఫ్లెక్సీలొచ్చాయి, బెంగళూరు హైదరాబాద్ కార్లొచ్చాయి, క్యాటరింగ్ బాదుషాలొచ్చాయి. వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది కదా, ఆ రాత్రి ఫోన్ చేసి లేపింది ఆ బెంచీవాడే. ఇద్దరం తెల్లారేదాకా మాట్లాడాం, అంటే మాట్లాడింది తక్కువ, వీడియోలు పంపుకోవడం ఎక్కువ. ఖరీఫ్ నాట్లు మొదలైన టైము, డ్యాం ఖాళీ అయితే ఏంటి గతి అని నేను ఒకటే ఊగిపోతున్నా. వాడు మాత్రం తాపీగా, మా అత్త వాళ్ళకి ఏటా ఇదే రాత్రి అన్నాడు. వారంలోపే డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగులు, అంటే గేటు బదులు అడ్డుపెట్టే ఇనుప పలకలు, దించి నీళ్ళు ఆపారు, పంట దక్కింది. ఆయనకి క్యాంపులన్నీ దండం పెట్టాయి.

ఆ మరుసటి నవమికి నేనే వాణ్ణి రమ్మన్నాను. పిలవడానికి నలభై ఏళ్ళు పట్టిందంటే సిగ్గుగానే ఉంది. ఎర్ర చిట్టా అట్టలు ఊడి చెదలు పట్టింది, మిగిలింది నా వంద పేజీల నోటుబుక్కే. ఆ లిస్టులో వాళ్ళల్లో బతికున్నది ఒక్క అమ్మమ్మ, పెళ్ళయి పద్నాలుగేళ్ళ వయసులో వచ్చిందట, కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టారు. నాకు గొంతు పట్టేసి మైకు వాడికిచ్చాను. కన్నడం యాసలో రేపల్లె, పాలకొల్లు అని చదువుతుంటే పిల్లలు నవ్వారు, అమ్మమ్మ మాత్రం ప్రతి పేరుకీ తల ఊపింది. చివరి పేరు అయ్యాక వాడు చొక్కా జేబులోంచి పెన్ను తీసి అడుగున ఏదో రాసి పుస్తకం నా చేతిలో పెట్టాడు. పేరు గడిలో వాళ్ళ తాత పేరు. సొంతూరు గడిలో, ఇదే. వచ్చిన సంవత్సరం గడిలో అడ్డంగా ఒక గీత, అచ్చం కన్నడం తలకట్టులా.

ఆ పేజీ ఫోటో ప్రెస్సుకి పంపించాను, కింద భాగం కట్ చెయ్యకుండా వెయ్యమని చెప్పాను.