లాగితే గుంజలొచ్చాయి, కప్పు రాలేదు

ఆదివారం మధ్యాహ్నం మా గాజుగది కప్పు కింది రాడ్ల టర్న్‌బకిల్ (తిప్పితే రాడ్డును బిగించే మర) చివరి చుట్టు తిప్పాక నా సంబరం చూడాలి. నడిమధ్యన రెండు పక్కలా కలిపి 38 మి.మీ. బయటికి పోయిన చూరు దూలాలు (గుంజల మీద, వాసాల కాళ్ళ కింద ఉండేవి) 16కి వచ్చేశాయి. కాఫీ తాగొచ్చి కప్పు నడినెత్తిన ఉండే కొప్పు కింద దారం పట్టి చూస్తే ప్రాణం ఉసూరుమంది. కొప్పు లేచింది 9 మి.మీ. అంతే.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. తిరుపతిలో మా మిద్దె మీది గాజుగది ఇది. మామయ్య 1994లో కట్టించాడు, మొత్తం టేకు (శేషాచలం సరుకు కాదు లెండి). వెడల్పు 12 అడుగులు, పొడవు 18, చూరు నుంచి కొప్పుకు ఎత్తు 2 అడుగులే. ఏడు జతల వాసాలు, పైన 5 మి.మీ. గాజు. రెండు కొసలా ఇటుక గోడలున్నాయి కాబట్టి అక్కడ కదల్లేదు, నడుమ మాత్రం పొట్ట వచ్చింది. వేసవిలో కొప్పుకు దగ్గరగా, జత వాసాలను కలుపుతూ అడ్డపట్టీలు కొట్టి చూశాను, దండగ. కాళ్ళు జారే నిచ్చెనకు తల దగ్గర తాడు కడితే ఏం లాభం?

ఇక ఆదివారం సంగతి. రెండో, నాలుగో, ఆరో జతల దగ్గర చూరు దూలం నుంచి చూరు దూలానికి 12 మి.మీ. రాడ్లు మూడు వేశాను. మూడింటినీ వంతులవారీగా తిప్పాను, ఒక్కోసారి అర చుట్టు. తపారియా స్పానర్ పుణ్యమా అని చేయి నొప్పి లేదు. కొలతలకు ఫ్రీమన్స్ టేపు, కొప్పుకు నీళ్ళ ట్యూబు. లేజర్ లెవెల్ అద్దెకు తెచ్చుకోమని తమ్ముడు పోరాడు గానీ, ఎండలో ఆ ఎర్రగీత ఎవడికి కనబడుతుంది?

ఈ వాలుకు లెక్క తేలికే. వాసం కాలు 1 మి.మీ. బయటికి జరిగితే కొప్పు 3 మి.మీ. దిగుతుంది. ఒక్కో పక్క 19 జరిగింది కాబట్టి 57 కుంగాలి, నేను కొలిస్తే 54. దగ్గరే. మరి ఇప్పుడు ఒక్కో పక్క 11 లోపలికి లాగితే 33 లేవాలి కదా! 9 లేచిందంటే వాసం కాలు నిజంగా వచ్చింది 3 మి.మీ. మిగతా 8 ఏమైనట్టు?

మొదట ఎండను అనుమానించాను. పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ కొలిచాను, తేడా 1 మి.మీ. కూడా లేదు. తర్వాత కొప్పు దగ్గర 30 ఏళ్ళ సిలికాన్ రాయిలా బిగుసుకుందేమో అని బ్లేడుతో కోసేశాను. అరగంట పని, పావు మి.మీ. లాభం లేదు. గుంజలకు గుండు దారం వేలాడదీశాను, అవి బుద్ధిగా లోపలికి వచ్చే ఉన్నాయి. ఆఖరికి టార్చి పట్టుకుని నాలుగో వాసం కింద దూరాను. నల్లబడ్డ టేకు మీద తెల్లగా కొత్త గీత, స్కేలు పెడితే సరిగ్గా 8 మి.మీ. వాసం దూలం మీద కూర్చోడానికి దాని అడుగున కోసిన గాడికీ, దూలం బయటి మొహానికీ మధ్య నా చూపుడువేలి గోరు దూరేంత సందు. రెండు మేకులూ కొంకి తిరిగాయి.

అంటే నేను లాగింది దూలాన్ని, వాసాన్ని కాదు. దూలం వాసం కింద నుంచి జారి లోపలికి వచ్చేసింది. ఆ గాడి వాసాన్ని లోపలికి పోకుండానే ఆపుతుంది, అది బయటికి జారితే అడ్డం మేకులే. గాజు, కట్టె బరువుకే ఒక్కో జత దాదాపు 47 కిలోల బలంతో బయటికి తోస్తోంది. ఏటా ఆకులు ఊడవడానికి 70 కిలోల నేను పలక వేసుకుని కొప్పెక్కుతాను చూడండి, అప్పుడు ఆ జత మీద ఇంకో 105! కప్పు కుంగింది వాటివల్లే అనుకుని కొండ కోతులను తిట్టడం ఇవాళ్టితో మానేశాను. కొప్పు ఎత్తు 4 అడుగులు పెట్టి ఉంటే ఈ తోపుడు సగమే ఉండేది.

సాయంత్రం వడ్రంగి ఆచారి వచ్చి చూసి, "పీకేసి ఇనప ట్రస్సు ఏసేద్దాం సార్" అన్నాడు. తడితే టేకు ఇంకా గట్టిగా మోగుతోంది, నేను ఒప్పుకోను.



ఇక గాజు మొత్తం దించాలి. కొప్పు కింద కారు జాకీలు రెండు, మీద నిలువు దుంగలు, రోజుకు 5 మి.మీ. చొప్పున ఎత్తాలి, తొందరపడితే వాసాలు చీలతాయి. ఈసారి వాసం కాలికే 6 మి.మీ. ఇనప ప్లేటు బోల్టు చేసి రాడ్డు దానికి తగిలిస్తాను. పైన గాజు బదులు 10 మి.మీ. డొల్ల పాలీకార్బొనేట్ (ప్లాస్టిక్) రేకు, చదరపు మీటరు రెండు కిలోల లోపే, గాజు పన్నెండున్నర. ఎండకు ఈ వాలులో 5 మి.మీ. దాకా సాగుతుంది కాబట్టి స్క్రూ రంధ్రాలు వదులుగా వేయాలి. బరువు తగ్గితే గాలికి లేచే భయం ఉంది, అందుకే వాసాలను దూలానికి పట్టీలతో కట్టాలనుకుంటున్నా. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో దిగుతాయి, 2021 నవంబరు వానలు మర్చిపోలేదు. అంతలోపు అడీనియం మొక్కలన్నీ మెట్ల కిందికి, ఇంట్లోవాళ్ళకు ఈ మాట ఇంకా చెప్పలేదు.