ఎంజీబీ వెనక యాక్సిల్‌లో ఆ టంగుమనే సౌండ్

క్లచ్ వదలగానే వెనక టంగుమని సౌండొస్తే ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉన్నవాళ్ళు చాలామంది డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్ల సెట్టు) పోయిందని ఫిక్సయిపోతారు, కానీ చాలాసార్లు అరిగేది లోపల గేర్ల వెనకుండే పల్చటి థ్రస్ట్ వాషర్లే (రాపిడి తట్టుకునే రింగులు). అయినా ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే రాడ్) జాయింట్లు, వైర్ వీల్స్ అయితే హబ్ స్ప్లైన్లు (చక్రం పట్టుకునే గాళ్ళు) కూడా చూస్కోండి, అవి అరిగినా ఇలాంటి సౌండే.

ఎంజీబీల్లో 1962లో వచ్చిన రోడ్‌స్టర్‌కి (టాప్ తెరుచుకునేది) బాంజో యాక్సిల్, 1965 జీటీకి (టాప్ మూసుండేది) మొదట్నుంచే ట్యూబ్ యాక్సిల్, అంటే వెనక కవర్ విప్పితే లోపలి గేర్లు అందే రకం. నాది జీటీ. దీంట్లో డిఫరెన్షియల్ దింపక్కర్లేదు, కారుని గట్టి స్టాండ్ల మీద పెట్టి (ఒట్టి జాకీని నమ్ముకోవద్దు బాబూ), ఆయిల్ వంపేసి, వెనక కవర్ విప్పి, హాఫ్ షాఫ్టులు (చక్రాలకి పోయే రాడ్లు) బయటికి లాగి, చిన్న రోల్ పిన్ కొట్టి తీసి, గేర్లని పట్టుకునుండే అడ్డపిన్ తీస్తే గేర్లు తిప్పుకుంటూ చేతికొచ్చేస్తాయి, కొత్త వాషర్లేసి మళ్ళీ అదే దార్లో ఎక్కించడమే. క్రౌన్ వీల్ (పెద్ద పళ్ళ చక్రం) జోలికి మాత్రం పోకండి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌తో దాని సెట్టింగ్ చెడిందంటే అది వేరే తలనొప్పి.

పన్లో పని బ్రీదర్ (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) కూడా క్లీన్ చేసేయండి, అది మూసుకుపోతే ప్రెషర్‌కి ఆయిల్ సీళ్ళు దాటి బ్రేక్ డ్రమ్ముల్లోకి పోతుంది. తర్వాత ఈపీ 90 గేర్ ఆయిల్‌ని ఫిల్లర్ (ఆయిల్ పోసే రంధ్రం) అంచు దాకా పోయడం, అంతే.