ప్రణాళిక చదువు, చెరువు అలుగు

పట్టణ ప్రణాళికలో రెండేళ్ల పీజీ కోర్సు అయిన ఎం.ప్లాన్‌లో అసలు చదువు స్టూడియోలోనే, అంటే ఒక నిజమైన ప్రాంతానికి పటాలు, ప్రణాళికలు గీసే తరగతిలోనే జరుగుతుందని నా అభిప్రాయం. హైదరాబాదు మీద పనిచేస్తున్నప్పుడు, పాత టోపోషీటును (ఎత్తుపల్లాలు, వాగులు చూపే సర్వే పటాన్ని) పటాలను పొరలుగా చూపే సాఫ్ట్‌వేర్ అయిన జీఐఎస్‌లో నేటి ఉపగ్రహ చిత్రంపై పరిచి చూస్తే, ఒక చెరువు అలుగు పారినప్పుడు కింది చెరువుకు నీరు చేరవలసిన వాగు దారిలో ఇళ్ల వరుసలు, వాటి నడుమ ఒక సన్నని నాలా మాత్రమే కనిపించాయి. గొలుసుకట్టు చెరువుల నగరంలో శిఖం భూములను (చెరువు నీరు నిలిచే భూములను) లేఅవుట్లుగా మార్చడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క పటం చాలు చెప్పడానికి.

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య నదికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరాన్ని దాని పరీవాహక ప్రాంతంతో కలిపి చూసిన ఆ దృష్టి నాకు ఈ చదువులో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో కూడా పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి వచ్చినదే.

ఆర్కిటెక్చర్, సివిల్ ఇంజనీరింగ్ చదివినవారితోపాటు భూగోళ, అర్థ, సమాజశాస్త్రాల వారికీ ఈ కోర్సులో చోటుండటం మంచిది. నాలా వెడల్పు ఎంత ఉండాలో ఇంజనీరు లెక్క కట్టగలడు. అందుకోసం కదలవలసిన కుటుంబాలకు పని దొరికే చోటికి దగ్గరలోనే ఇళ్లు ఎలా ఇవ్వాలో తేల్చడానికి మిగతావారందరూ అదే బల్ల దగ్గర కూర్చోవాలి.