కాలిన చేతికి సెలైన్ ఎందుకు?

భోగి ముందురోజు అమ్మ అరిసెలు వండుతుంటే మూకుడు నేను దించుతానని వెళ్లాను, మసిగుడ్డ జారింది, అంతే. కుడిచెయ్యి మొత్తం, ఛాతీ, పొట్టలో సగం. పక్కింటి పిన్నిగారు పాపం దోసెల పిండి గిన్నెతో పరిగెత్తుకొచ్చారు. నాన్న పట్టించనివ్వలేదు, చొక్కా విప్పించి 20 నిమిషాలు కుళాయి కింద కూర్చోబెట్టారు, ఐసు అడిగితే తిట్టారు కూడా.

దగ్గర్లో ఒక క్లినిక్‌లో సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము గోడకి సున్నం వేసినట్టు వేశారు. బర్న్స్ వార్డులో మొదట చేసిన పని అదంతా కడిగెయ్యడం, ఆ తెల్లపూత కింద గాయం ఎంత లోతో తెలియదట. ఆ కడగడం గురించి రాయను.

మందు తీసేసి సెలైన్ పెడుతుంటే నాకు ఒళ్లు మండింది (అప్పటికే మండుతోందనుకోండి). కాలింది చర్మం కదా, సీసాలెందుకు? డాక్టరమ్మ నింపాదిగా "మీకు కాలడం ఇంకా అయిపోలేదు" అన్నారు. పూర్తిగా మాడిన చోటు ఎలాగూ పోయింది, దాని చుట్టూ ఉన్నది మాత్రం చావుబతుకుల మధ్య ఉంటుంది, రక్తం అందితే బతుకుతుంది, లేకపోతే రెండు మూడు రోజుల్లో అదీ పోయి గాయం లోతవుతుంది. జాక్సన్ అనే బ్రిటిష్ సర్జన్ 1953లోనే ఇది రాశాడట. రక్తనాళాల్లోంచి నీరు ఊరిపోతుంటుంది కాబట్టి ఆ రోజుకి అసలు మందు సెలైనే.

లెక్క కూడా చెప్పారు: కిలో బరువుకి, కాలిన ఒక్కో శాతానికి 4 ఎం.ఎల్., నా బరువు 60 కిలోలు, ఒంటి చర్మంలో కాలింది 18 శాతం, మూడూ గుణిస్తే ఆ రోజుకి 4,320 ఎం.ఎల్. అందులో సగం మొదటి 8 గంటల్లో వెళ్లాలి, ఆ 8 గంటలు ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. క్లినిక్ దగ్గరే రెండు గంటలు పోయాయి మాకు. నర్సు గంటగంటకీ మూత్రం సంచి చూసేది, గంటకి 30 ఎం.ఎల్. కంటే తగ్గితే సెలైన్ వేగం పెంచేది. తెల్లారేసరికి ఆ ఊరిన నీటికి మొహం ఉబ్బిపోతే అమ్మ ఏడుపు. బావ ఏమో యాంటీబయాటిక్ ఇవ్వరేంటని గొడవ. చీము పట్టకుండా ముందే ఇవ్వం అన్నారు.

చెయ్యి చాలావరకు మూడు వారాల్లో మానింది. మోచేతి దగ్గర అరచేతంత ముక్క బతకలేదు, తొడ చర్మం తీసి వేశారు, ఆ తొడ నొప్పి ముందు కాలిన నొప్పి ఏపాటి! తర్వాత దురద. గోకకూడదు కాబట్టి అర్ధరాత్రి లేచి అరచేత్తో తట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.