యాభై మందిలో ఎవరెవరు?

జూన్ 8, 2020, సోమవారం

అక్క కూతురి పెళ్లి వచ్చేవారం. ఏప్రిల్‌లో జరగాల్సింది, కరోనా లాక్‌డౌన్‌తో ఆగిపోయింది. మూఢం వెళ్లాక, ఆషాఢం రాకముందు ఉన్న ఆ కాస్త వ్యవధిలో దొరికిన ముహూర్తం ఇది. ఇదీ తప్పితే శ్రావణం దాకా ఆగాలి, అప్పటికి రోజులు ఎలా ఉంటాయో ఎవరికి తెలుసు? అందుకే రెండు వైపులా గట్టిగా అనుకున్నారు. ఇవాళ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పెళ్లికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న లెక్కతోనే సరిపోయింది.

నేను వెళ్లేసరికి బావ ఆర్డర్ కాపీ ప్రింట్ తీయించి పెట్టాడు. లాక్‌డౌన్ సడలింపుల మీద మే 30న కేంద్ర హోంశాఖ ఇచ్చినది, అన్‌లాక్ 1 అని అందరూ అంటున్నది. "బడిలో ఇంగ్లిషు చెప్పేదానివి కదా, ఇందులో ఏముందో నువ్వే తేల్చి చెప్పు" అని నా చేతికిచ్చాడు. పెళ్లిళ్ల గురించి అందులో ఉన్నది ఒక్క ముక్క: అతిథుల సంఖ్య 50 దాటకూడదు. దాని వెంటనే అంత్యక్రియల గురించి ఇంకో ముక్క: వ్యక్తుల సంఖ్య 20 దాటకూడదు. అంతే. వ్యక్తులు అన్నారంటే అక్కడున్న ప్రతి మనిషీ లెక్కే, అందులో అనుమానం లేదు. మరి అతిథులు అన్నప్పుడు పెళ్లివారింటి వాళ్లు ఆ లెక్కలో ఉన్నట్టా, లేనట్టా? కన్యాదానం చేసే తండ్రి తన కూతురి పెళ్లికి అతిథి ఎలా అవుతాడు?

"ముందు తప్పనిసరి వాళ్లను రాద్దాం" అని అక్క నోట్‌బుక్ తీసింది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, ఇటు అమ్మానాన్నలు, అటు అమ్మానాన్నలు. పంతులుగారు, ఆయన వెంట అందివ్వడానికి ఒక అబ్బాయి. సన్నాయి ఒకరు, డోలు ఒకరు. ఫొటోలకూ వీడియోకూ ఇద్దరు. వంటాయన, ఆయన మనుషులు నలుగురు. గోళ్లు తీయడానికి మంగలి. పిల్లను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవాలంటే మేనమామలు ఉండాలి. మాకు ముగ్గురు అన్నదమ్ములు, వాళ్లలో ఎవరిని మోయమందాం, ఎవరిని ఇంట్లో ఉండమందాం? తోడుపెళ్లికూతురు. బాసికం కట్టించే మేనత్త. ఇంకా ఒక్క చుట్టాన్నీ, ఒక్క ఇరుగుపొరుగు మనిషినీ పిలవకుండానే పేజీ నిండుతూ వచ్చింది. డోలు వాయించే ఆయన పేరు దగ్గర అక్క పెన్ను ఆగింది. "ఈయన అతిథి కింద వస్తాడా?" అంది. నేను మళ్లీ ఆర్డర్ చూశాను. ఎన్నిసార్లు చూసినా అందులో ఉన్నది ఆ ఒక్క ముక్కే.

పెళ్లికొడుకు వాళ్లది తెలంగాణలోని సూర్యాపేట. వాళ్ల నాన్నగారు ఫోన్‌లో ఇంకో రకంగా అన్నారు. "చెల్లెమ్మా, అతిథులు యాభై అన్నారంటే ఇంటివాళ్లను తీసేసి యాభై అనేగా? మా ఊళ్లో కొందరైతే అటు యాభై, ఇటు యాభై అని కూడా చెబుతున్నారు." ఆయన ఏదో సందు వెతుక్కుని అన్న మాట కాదది. ఆయనకు నలుగురు అక్కచెల్లెళ్లు. ఆడపడుచులు లేకుండా కొడుకు పెళ్లి చేశాడన్న మాట జీవితాంతం ఉంటుంది, ఆ బాధ ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది. "అన్నయ్యగారూ, ఆఫీసులో అడిగి సాయంత్రం చెబుతాను" అన్నాను. మగపెళ్లివాళ్లంతా రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్ట్ దాటి రావాలి కూడా. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి వెళ్లడానికి విడిగా అనుమతి అక్కర్లేదని కేంద్రం ఆర్డర్‌లో ఉంది, రాష్ట్రాలు కావాలంటే కట్టడి చేసుకోవచ్చనీ ఉంది. మన ఆంధ్ర వైపు రావాలంటే ఇక్కడి ప్రభుత్వ స్పందన వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. అది మటుకు మా తమ్ముడి కొడుకు చూసుకుంటానన్నాడు.

కల్యాణమండపం మాట ఎప్పుడో వదిలేశాం. ఆడిటోరియంలు, అసెంబ్లీ హాళ్లు, అలాంటి ఇతర ప్రదేశాలు ఇప్పుడే తెరవకూడదని ఆర్డర్‌లో ఉంది. కల్యాణమండపం ‘అలాంటి’ వాటిలోకి వస్తుందా రాదా అంటే దాని యజమానికే తెలియదు, అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాడు పాపం. వందల మంది పట్టే హాల్లో యాభై మంది కూర్చుంటే ఆరడుగుల దూరం అదే ఉంటుంది. ఇప్పుడు అదే యాభై మంది అక్క వాళ్ల డాబా ఇంట్లో, వాకిట్లో వేసిన షామియానా కింద సర్దుకోవాలి. ఇవాళ్టి నుంచి గుళ్లు తెరిచారు కదా, గుళ్లో చేసేద్దాం అని బావ అన్నాడు. తీర్థప్రసాదాలే ఇవ్వొద్దన్న చోట పెళ్లి ఎలా చేయనిస్తారో మాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం బావా నేనూ మండలాఫీసుకి వెళ్లాం. శుభలేఖ, ఇద్దరి ఆధార్ కాపీలు, వచ్చేవాళ్ల పేర్లు ఇవ్వమన్నారు. "అందరినీ కలిపే యాభై అమ్మా, పంతులుగారితో సహా" అన్నారు అక్కడ కూర్చున్న ఆయన. పక్క టేబుల్ ఆయన తలెత్తి "వంటవాళ్లు ఆ లెక్కలోకి రారులెండి, వాళ్లు పనిమనుషులు కదా" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఇద్దరి ముందూ ఉన్నది మా చేతిలో ఉన్న కాగితమే. పెళ్లికూతుర్ని చేసే రోజుకి వేరే యాభై, మర్నాడు సత్యనారాయణ వ్రతానికి వేరే యాభై రావచ్చా అని బావ అడిగితే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏదో ఒకటి రాసివ్వండి అంటే పైనుంచి అలా ఏమీ రాలేదన్నారు.

ముహూర్తం తెల్లవారుజామున. రాత్రి 9 నుంచి పొద్దున 5 దాకా దేశమంతా కర్ఫ్యూ, అత్యవసర పనులకు తప్ప ఎవరూ తిరగకూడదు. పెళ్లి అత్యవసరమా? ఎవరిని అడిగినా "రాత్రి 9 లోపు అందరూ వచ్చేస్తే సరి, మళ్లీ 5 దాటాక వెళ్లండి" అనే అంటున్నారు. నాకు దిగులు పుట్టింది ఇక్కడే. పొద్దునపూట రెండు గంటలు ఉండి, అక్షింతలు వేసి వెళ్లిపోవాల్సిన మనుషులు ఇప్పుడు రాత్రంతా ఆ గదుల్లో పక్కపక్కన పడుకోవాలి, ఒకే బాత్రూమ్ వాడాలి, రెండు పూటలా కలిసి తినాలి. జబ్బు రాకూడదని పెట్టిన నియమం, ఒక మాటకూ ఇంకో మాటకూ పొంతన కుదరక, జబ్బు రావడానికి అనువైన పరిస్థితిని తెచ్చిపెడుతోంది. పంతులుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన పంచాంగం తిరగేసి, "అమ్మా, అదే రోజు పగలు ఇంకో లగ్నం ఉంది, అంత బలమైనది కాదు గానీ దోషం లేదు, దానికి మారుద్దాం" అన్నారు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇక అమ్మ విషయం. అమ్మకు 65 దాటి చాలా ఏళ్లయింది, షుగర్ ఉంది. మే నెల ఆర్డర్లలో 65 దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలి అని ఉంది. ఇప్పటిదాంట్లో ఇంట్లో ఉండడం మంచిదని సలహా ఇస్తున్నాం అన్నట్టుగా మార్చారు. ఈ తేడా అమ్మకు ఎవరు చెప్పారో గానీ, "సలహాయేగా, నేను వస్తాను" అంటోంది. మొదటి మనవరాలి పెళ్లి. నేను వద్దనలేకపోయాను, రమ్మనీ అనలేకపోయాను. గడప లోపల, తలుపు దగ్గర కుర్చీ వేసి, అక్కడి నుంచే చూసేలా ఏర్పాటు చేద్దామని అక్క అంది. దానికి అమ్మ ఒప్పుకుంది.

మే నెలలో మా వీధి చివర పెద్దాయన పోయినప్పుడు ఇరవై మంది అనే నియమమే ఉంది. ఎంత కఠినమైన నియమం! అయినా వీధిలో ఒక్కరూ వాదించలేదు. ఇంటివాళ్లు ఇరవై మంది వెంట నడిచారు, మిగతా వాళ్లం ఎవరి గేటు దగ్గర వాళ్లం నిలబడి దండం పెట్టుకున్నాం. మనవాళ్లు నియమాలు పాటించరని టీవీల్లో అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. తెలిసేటట్టు చెబితే కన్నీళ్లు మింగుకుని పాటిస్తారు, నేను కళ్లారా చూశాను. ఇంత పెద్ద దేశానికి హడావిడిగా రాయాల్సి వచ్చిందని నాకూ తెలుసు. కానీ ఇంకో రెండు వాక్యాలు రాసి ఉంటే చాలు: పనివాళ్లతో, ఇంటివాళ్లతో కలిపా, విడిగానా, ఒక్క పూటకా, పెళ్లి మొత్తానికా. అవి లేకపోవడంతో ఎవరు కావలసినవాళ్లు, ఎవరు కారు అని తేల్చే భారం మా అక్క నోట్‌బుక్ మీద పడింది.

సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. డోలాయన, వంటాయన, ఫొటోల వాళ్లు అందరితో కలిపి యాభై. ఏ రకంగా చదివినా తప్పు పట్టలేని లెక్క ఇదొక్కటే. సన్నాయి డోలు ఉంటాయి, వీడియోకి ఒక్కరే. వంట బయట చేయించి తెప్పిస్తాం. మేనమామలు ముగ్గురూ ఉంటారు, వాళ్ల పిల్లలు రారు. అన్నయ్యగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆడపడుచులు నలుగురినీ ఉంచుతానమ్మా, మా తమ్ముళ్లకు నేను చెప్పుకుంటాను" అన్నారు.

ఈ మధ్యలో తెలంగాణలో టెన్త్ పరీక్షలు లేవని వార్త వచ్చింది. మరి మాకో అని మా బడి పిల్లలు వరసగా ఫోన్లు. మనకు మటుకు జూలై 10 నుంచే, చదువుకోండి అని చెప్పాను.

రేపు పొద్దున పేర్లన్నీ శుభ్రంగా రాసి ఆఫీసులో ఇవ్వాలి. జాబితా చివర ‘ఇంటివాళ్లు, పనివాళ్లు, పంతులుగారు అందరితో కలిపి యాభై మంది, పగలు మాత్రమే’ అని రాశాను. దాని కింద సంతకం చేసి ముద్ర వేయమని అడుగుతాను. మా తర్వాత అదే వారంలో ఇంకో రెండు పెళ్లిళ్లున్నాయని అక్కడే విన్నాను, వాళ్లకూ ఆ కాగితం జిరాక్స్ ఇస్తాను.