రూపాయికి ఎన్ని పైసల భయం?

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. మా ఇల్లు వరదలో మునిగిన రోజు జరిగింది ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ కథలాగా చెబుతుంది. బియ్యం డబ్బా తేలుకుంటూ వంటింట్లోంచి హాల్లోకి వచ్చిందనే చోటుకు రాగానే తనే ముందు నవ్వుతుంది. ఆమె మొదలుపెట్టగానే నేను లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని. ఇద్దరమూ ఒకే నీళ్లలో మునిగాం, జబ్బు పడింది మాత్రం నేను.

2023 జూలై 27, తెల్లవారుజాము. ఆ ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిందని తర్వాత తెలిసింది. మా ఇల్లు హన్మకొండలో, నయీంనగర్ నాలాకు నాలుగు సందుల ఇవతల. ఆ ఊళ్లకు వచ్చిన కష్టంతో పోలిస్తే మాది పిసరంత. ఆ పిసరంత నీరే నా ఛాతీ దాకా, అమ్మ గడ్డం దాకా వచ్చింది. కరెంటు లేదు. నా భార్య, కూతురు కరీంనగర్‌లో ఉన్నారు. చీకట్లో అమ్మ చెయ్యి పట్టుకొని వెనక తలుపు దాకా నడిచాను. మేడ మెట్లు ఆ తలుపు అవతలే. అక్కడ ఆమె చెయ్యి వదిలేశాను. చాలా నెలల పాటు నా జ్ఞాపకం ఆ క్షణం దగ్గరే ఆగిపోయేది.

బురద కడుక్కోవడానికి వారం పట్టింది. నా జిరాక్స్ షాపులో రెండు మిషన్లు పోయాయి. వాటి గురించి నిజంగానే పెద్దగా బాధపడలేదు. తర్వాత మొదలైంది అసలు సంగతి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, మేడ ఎక్కి నాలా వైపు చూసి దిగేవాణ్ని. ఒక్కో రాత్రి మూడుసార్లు. పక్కింటి వాళ్ల ట్యాంకు నిండి నీళ్లు కారిన చప్పుడు వింటే చేతులు చల్లబడేవి. తల మీద చెంబుతో నీళ్లు పోసుకోలేక తడి తువాలుతో తుడుచుకొని షాపుకు వెళ్లేవాణ్ని. ఆ వారంలోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అప్పటి నుంచి అమ్మవారి గుడికి వెళ్లడం మానేశాను. ఇంట్లో వాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పాను.

గుండె దడగా ఉందని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్తే ఈసీజీ, టూడీ ఎకో తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ‘ఎక్కువ ఆలోచించకండి’ అన్నాడు డాక్టరు. ఆలోచించకుండా ఉండటం చేతనైతే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తాను? మా అత్త తాయెత్తు కట్టించింది. దాన్ని తప్పుపట్టను, ఆ రెండు రోజులు కాస్త నిద్ర పట్టింది.

చివరికి నా కూతురే 14416కు ఫోన్ చేసింది. టెలిమానస్ అని, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు. నెల దాటినా ఇలాగే ఉంటే సైకియాట్రిస్టుకు చూపించమన్నారు. అప్పటికి నాలుగు నెలలు దాటింది. సైకియాట్రిస్టు ఒక మాత్ర రాసి, పీటీఎస్‌డీ అని, అంటే పెద్ద ఆపద దాటిపోయాక కూడా దాని భయం మనిషిని వదలని జబ్బని చెప్పి, మాటలతో వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

ఆవిడ గది ఒక మేడ మీద. నాకు మొదట నచ్చింది అదే, కింది అంతస్తు కాదు. లోపలికి వెళ్లగానే ‘ఏ కుర్చీలో కూర్చుంటారు?’ అని అడిగింది. తలుపు కనిపించే కుర్చీలో కూర్చున్నాను. ‘తలుపుకు గడియ పెట్టను, సరేనా?’ అంది. వరద మాట నేను ఎత్తలేదు, ఆవిడా అడగలేదు. మొదటి మూడుసార్లూ నిద్ర, తిండి, ఊపిరి, ఇవే. షాబాదు బండ మీద చెప్పులు విప్పి పాదాలు ఆనించి కూర్చోమనేది. దడ మొదలైనప్పుడు కొరకడానికి చొక్కా జేబులో రెండు ఏలక్కాయలు ఉంచుకోమంది. ఆ ఘాటు నాలుక మీద ఉన్నంతసేపూ మనిషి ఇప్పటి ఘడియలోనే ఉంటాడట. నవ్వుకున్నాను. కానీ పనిచేసింది.

నాలుగోసారి నేనే అడిగాను, ‘మీకు ఈ పని ఎందుకు నచ్చింది మేడమ్?’ అని. కాస్త ఆలోచించి, చెబుతానంది. గోదావరిఖని పిల్ల ఆవిడ. నాన్న సింగరేణి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. వేళ కాని వేళ బాయి సైరన్ కూత వినిపిస్తే క్వార్టర్లలోని ఆడవాళ్లందరూ గడపల్లోకి వచ్చి నిలబడేవారట, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా. ఒకసారి పైకప్పు బండ కూలింది. నాన్న ఎనిమిది గంటల తర్వాత బయటికి వచ్చాడు, ఒంటి మీద గీత కూడా లేదు. ఆ తర్వాత ఉద్యోగ విరమణ దాకా లైటు ఆర్పి పడుకోలేదు. అందరూ పిరికివాడు అన్నారు. ‘ఆయనకు ఒక్కరు కూడా ఈ జబ్బుకు పేరుందని చెప్పలేదు. 1980లోనే అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఆ పేరు చేరింది. మా ఇంటికి చేరేసరికి ఆయన లేడు’ అంది. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. వెంటనే నా నిద్ర సంగతికి వచ్చేసింది.

తర్వాత లెక్క మొదలైంది. ‘రూపాయికి ఎన్ని పైసల భయం?’ అని అడిగేది ఆవిడ. చెంబుతో తల మీద నీళ్లు పోసుకోవడం ముప్పై పైసలు. ట్యాంకు కారే చప్పుడు నలభై. నయీంనగర్ వంతెన మీద నిలబడటం అరవై. భద్రకాళి చెరువు కట్ట ఎనభై. వాన రాత్రి కింది గదిలో పడుకోవడం పూర్తి రూపాయి. తక్కువ పైసల దానితో మొదలుపెట్టాం. దడ దానంతట అదే దిగేదాకా అక్కడి నుంచి కదలకూడదు, అదొక్కటే షరతు. మొదటి చెంబుకు ఏడ్చాను. పదో రోజుకు విసుగు పుట్టింది. విసుగు పుట్టిందని చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

అన్నిటికంటే కష్టమైంది చెప్పడం. కళ్లు మూసుకొని, ఇప్పుడే జరుగుతున్నట్టు, ‘నీళ్లు వస్తున్నాయి, అమ్మ చెయ్యి పట్టుకున్నాను’ అని. చెయ్యెత్తితే ఆపేస్తానంది. మొదటి రెండుసార్లు ఎత్తాను. దాన్ని నా ఫోనులోనే రికార్డు చేసి, రోజుకొకసారి ఇంట్లో వినమంది. నా గొంతు నాకే ఎవరిదోలా ఉండేది. చెయ్యి వదిలేశాను అనే చోట ప్రతిసారీ ఆపేసేవాణ్ని. నువ్వు తప్పు చేయలేదని ఆవిడ ఒక్కసారీ అనలేదు. ఇంట్లో అందరూ అంటూనే ఉన్నారు కదా, దానివల్ల పావలా లాభం లేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, ‘వదిలిన తర్వాత మీ రెండు చేతులూ ఎక్కడున్నాయి?’

అయిదోసారి చెబుతుంటే చేతులు కనిపించాయి. తలుపు పై గడియ మీద ఉన్నాయి. తడికి బిగిసిన గడియ. ఒక చేత్తో రాలేదు. రెండు చేతులతో లాగాను. అది వచ్చాక వెనక్కి తిరిగి అమ్మ చంకల కింద చేతులు వేసి మెట్ల మీదికి ఎక్కించాను. ఇదంతా నేను మరిచిపోయింది కాదు. కథ ఎప్పుడూ అక్కడి దాకా రానీయలేదు, అంతే.

ఇంటికి వెళ్లి అమ్మను అడిగాను, ‘నేను నీ చెయ్యి వదిలేశాను కదమ్మా?’ అని. చిక్కుడుకాయలు తుంచుతూ తల కూడా ఎత్తలేదు. ‘వదలకపోతే గడియ ఎవరు తీస్తారురా?’ అంది.

మొత్తం పద్నాలుగుసార్లు వెళ్లాను. మాత్ర ఏడాది పాటు వాడి, సైకియాట్రిస్టు చెప్పినట్టే మెల్లగా తగ్గించుకుంటూ మానేశాను. మాత్ర ఇంకా వాడుతున్నప్పుడే, 2024 ఆగస్టు చివరి రాత్రి మళ్లీ కుండపోత కురిసింది. ఖమ్మం, మహబూబాబాద్ వైపు మునుగుతున్నాయని ఫోన్లు. కింది గదిలోనే పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చింది, ఏలక్కాయ కొరికాను. ఒక్కసారి మేడ ఎక్కి చూసి వచ్చాను. మళ్లీ ఎక్కలేదు. అమ్మ గురక వింటూ నాలుగింటి దాకా అలాగే ఉన్నాను, ఆ తర్వాత ఎప్పుడో నిద్ర పట్టింది.

ఇంటి కాగితాలు, అమ్మాయి సర్టిఫికెట్లు ఇప్పటికీ పాలిథిన్ సంచిలో చుట్టి అటక మీదే ఉన్నాయి. తీసేయమని మేడమ్ అనలేదు. నేనూ తీయలేదు.